ముక్కు కత్తిరించడమా, గూటి తీరు మార్చడమా?

పెరటి కోళ్లు ఒకదాని ఈకలు మరొకటి పీకుతుంటే సాధారణంగా రెండు దారులు ముందుకు వస్తాయి: ముక్కు కొన కత్తిరించడం, లేదా అవి బతికే తీరును మార్చడం. మొదటిది గాయాల తీవ్రతను త్వరగా తగ్గిస్తుందన్నది నిజమే. కానీ ముక్కు కొనలో నాడులు ఉంటాయి కనుక కోత నొప్పి పెడుతుంది, మేత ఏరుకోవడమూ ఒంటిమీది పేలను తీసేసుకోవడమూ కష్టమవుతుంది, పైగా పొడవాలన్న తపన అలాగే మిగిలిపోతుంది. చిన్న మందకు ఇది అవసరమని నేను అనుకోను.

రెండవ దారి నిదానమైనదే అయినా మూలాన్ని పట్టుకుంటుంది. ఈకలో దాదాపు 90 శాతం మాంసకృత్తులే. గుడ్లు పెట్టే పెట్టలకు సుమారు 16 శాతం మాంసకృత్తులున్న మేత అందకుండా వట్టి గింజలే వేస్తే, అవి తోటి కోడి ఈకలను పీకి తినడం మొదలుపెట్టవచ్చు. ఇరుకు, మితిమీరిన వెలుతురు, ఊరికే నిలబడవలసి రావడం కూడా కారణాలే కనుక కెలకడానికి ఎండుగడ్డి, పొర్లడానికి పొడిమట్టి, ఎగిరి పొడవడానికి వేలాడదీసిన ఆకుల కట్ట ఇవ్వాలి. తోక మొదలు దగ్గర రక్తం నిండిన లేత ఈక చిట్లి ఎర్రటి చుక్క కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. అటువంటి కోడిని మానేదాకా వేరుగా, అయితే మందకు కనిపించేలా ఉంచాలి.

వీపు మీద మాత్రమే ఈకలు పోతే అది జతకట్టేటప్పుడు పుంజు తొక్కడం వల్ల కావచ్చు. అప్పుడు తగ్గించవలసింది పుంజులనే.