క్రీస్తు ఎవరి కోసం మరణించాడు? విశాఖలో ఒక వేదాంత తరగతి

మహారాణిపేటలోని ఒక ప్రార్థనా మందిరంలో శనివారం సాయంత్రాలు జరిగే తెలుగు వేదాంత తరగతుల్లో ‘ప్రాయశ్చిత్త పరిధి’ (క్రీస్తు మరణం ఎవరి పాపాల కోసం అన్న ప్రశ్న) పాఠాలకు హాజరయ్యాను. మన సంఘాల్లో ఈ ప్రశ్న ‘మీరు కాల్వినిస్టులా (ఏర్పరచుకున్నవారి కోసమే అనేవారు), అర్మీనియన్లా (అందరి కోసం అనేవారు)’ అన్న వాదులాటతో మొదలై అక్కడే ఆగిపోతుంది కనుక, మూలపత్రాలను దగ్గరుండి చదివించే ఈ పద్ధతి నాకు నచ్చింది.

బోధకులు 1610 నాటి రెమాన్‌స్ట్రంట్ల (డచ్చి వేదాంతి అర్మీనియస్ అనుచరుల) ఐదు అంశాలను పరిచయం చేసి, వాటికి జవాబుగా 1618–19లో నెదర్లాండ్స్‌లోని డార్ట్ పట్టణంలో కూడిన కాల్వినిస్టు సంఘాల సభ తీర్మానాల్లో రెండవ అధ్యాయాన్ని వాక్యం వెంట వాక్యం చదివించారు. క్రీస్తు మరణానికి అపారమైన విలువ ఉన్నదనీ, సర్వలోక పాపపరిహారానికి అది సమృద్ధిగా చాలుననీ ఆ సభే ఒప్పుకున్నదని విన్నప్పుడు, ఆ పక్షం బోధకు వాడుకలో ఉన్న ‘పరిమిత ప్రాయశ్చిత్తం’ అన్న పేరును బట్టి వేరుగా ఊహించుకున్న కొందరు నోట్సు రాయడం ఆపి తలలెత్తారు. ఏర్పరచుకున్నవారిని నిశ్చయంగా రక్షించే సంకల్పంతో కుమారుడు మరణించాడా, లేక అందరికీ రక్షణ ద్వారం తెరచి, విశ్వాసంతో ప్రవేశించడాన్ని వారికే విడిచాడా అన్న దగ్గరే ఇరుపక్షాలకూ తగవు వచ్చింది. ఏర్పరచుకున్నవారి కోసమే అయితే అందరికీ సువార్త ఎందుకని ఒక పెద్దాయన అడగగా, సకల జనులకు భేదం లేకుండా ప్రకటించాలన్న, డార్ట్ తీర్మానాల అదే అధ్యాయంలోని ఐదవ అంశాన్ని బోధకులు చూపించారు. కాల్విను సంప్రదాయంవారే ఎక్కువగా ఉన్న లండన్ మిషనరీ సొసైటీ 1805లో ఇదే ఊరికి రావడం ఆయనకు మరో జవాబు కావచ్చు.

వాక్యభాగాల్లో పక్షపాతం కనిపించలేదు. యోహాను సువార్త 10లో గొఱ్ఱెల కోసం ప్రాణం పెట్టే కాపరి మాటకు ఎంత సమయమిచ్చారో, 1 యోహాను 2:2లోని ‘సర్వలోకము’నకూ అంతే ఇచ్చారు. అక్కడ యూదులతోపాటు అన్యజనులు కూడా అన్నదే భావమనే వివరణను అదే పత్రిక 5:19లోని ‘లోకమంతయు దుష్టుని యందున్నది’ అన్న మాటతో పోల్చి పరీక్షించమన్నారు. నాకైతే ఆ పరీక్షలో అది బలహీనంగానే తోచింది.

లోటు ఒకటే, అదీ చిన్నది కాదు. క్రీస్తు అందరి కోసం మరణించాడనీ, విశ్వాసాన్ని మాత్రం దేవుడు ఏర్పరచుకున్నవారికే అనుగ్రహిస్తాడనీ చెప్పిన 17వ శతాబ్దపు ఫ్రెంచి వేదాంతి మోయిస్ అమిరోను చివర్లో హడావుడిగా ముగించారు. పేరు తెలియకపోయినా మన విశ్వాసుల్లో చాలామంది నమ్మిక ఇంచుమించు ఇదే కనుక, దానికి ఒక పూర్తి సాయంత్రం కేటాయించవలసింది. జెరాక్సు కాపీల్లో అక్షరాలు మరీ చిన్నవి. కళ్లద్దాలవారు ముందు వరుసలో, లైటు కింద కూర్చోవడం మేలు.