కట్ గేటా, డ్యాముల చుట్టూనా? ముసురు పట్టిన శనివారం ఏది మేలు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో కొండ సైకిళ్లున్న తెలుగువాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. శుక్రవారం రాత్రి మా మధ్య నడిచే వాదన ఒక్కటే: రేపు కట్ గేట్ అనే కొండ బాట ఎక్కుదామా, డ్యాముల చుట్టూ తిరిగొద్దామా? ఫోన్ తీస్తే ఒక గంటకి సూర్యుడి బొమ్మ, పక్క గంటకి చినుకుల బొమ్మ. రెంటినీ నమ్మలేం. ఈ దారులు రెండూ అన్ని కాలాల్లోనూ తొక్కాను, ఒకసారి తొడ దాకా ఊబిలో దిగాను కూడా. ఆ అనుభవంతో చెబుతున్న మాటలివి.

రెండూ పీక్ డిస్ట్రిక్ట్‌లోవే. మాంచెస్టర్‌కీ షెఫీల్డ్‌కీ మధ్య ఉన్న ఈ కొండ ప్రాంతం 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. దాని ఉత్తర భాగాన్ని డార్క్ పీక్ అంటారు. కింద గరుకు ఇసుకరాయి, పైన నల్లటి పీట్. పీట్‌ని చూసి బురద మట్టి అనుకుంటాం గానీ అందులో మట్టి తక్కువే. నీళ్లలో నానుతూ పూర్తిగా కుళ్లిపోని నాచు, గడ్డి వేల ఏళ్లుగా పేరుకున్న పొర అది. పైన చెట్టు ఉండదు. హెదర్ పొదలు, గడ్డి, గాలి, అంతే. ఇలాంటి నేలనే ఇక్కడ మూర్ అంటారు.

కట్ గేట్ లాంగ్‌సెట్ రిజర్వాయర్ దగ్గర మొదలై, మిక్కిల్‌డెన్ ఎడ్జ్ అంచు వెంట ఎక్కి, మార్జరీ హిల్ పక్కన 500 మీటర్ల ఎత్తు దాటి, క్రాన్‌బెర్రీ క్లఫ్ అనే లోయ పక్కగా స్లిప్పరీ స్టోన్స్ దగ్గర డెర్వెంట్ నది ఒడ్డుకి దిగుతుంది. తొమ్మిది పది కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు డెర్వెంట్ లోయ రైతులు గొర్రెల్ని పెనిస్టన్ సంతకి తోలుకుపోయిన బాట ఇది. డ్యాముల దారి ఫెయిర్‌హోమ్స్ అనే సందర్శకుల కేంద్రం నుంచి డెర్వెంట్, హౌడెన్ రిజర్వాయర్ల చుట్టూ తిరిగొచ్చేది. సుమారు 16 కిలోమీటర్లు, ఒక ఒడ్డున చాలా దూరం తారురోడ్డు, రెండో ఒడ్డున గట్టి కంకర బాట. రెండు దారులూ స్లిప్పరీ స్టోన్స్‌లో ఒకే రాతి వంతెన దగ్గర కలుస్తాయి. ఆ వంతెన అక్కడిది కాదు. లేడీబౌవర్ రిజర్వాయర్ కింద మునిగిపోయిన డెర్వెంట్ ఊరిది. మునిగేలోపే రాళ్లు విప్పి దాచి, 1959లో ఇక్కడ మళ్లీ పేర్చారు. శ్రీశైలం నీళ్లు వస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో నిలబెట్టారు కదా, అలాగన్నమాట. అక్కడ కూర్చుని పులిహోర తినకుండా నేనెప్పుడూ తిరిగి రాలేదు.

ఇక అసలు సంగతి, అడుగున నేల. కట్ గేట్ మీద ఊబి ఎలా ఉంటుందో తెలుగు దేశంలో పెరిగినవాళ్లకి చెప్పడం కష్టం. ఎందుకంటే మనకి బురద తెలుసనుకుంటాం. నాతో మొదటిసారి వచ్చిన వరంగల్ తమ్ముడు ఆ నల్ల మడుగు చూసి నవ్వేశాడు. "అన్నా, గిది మా ఊళ్ల కరిగెట లెక్కనే ఉంది గదా, దిగుదాం పా" అన్నాడు. దిగాడు. నేనూ దిగాను. దమ్ము చేసిన మడిలో కాలు పిక్కల దాకా పోయి కింద గట్టి పొర తగిలి ఆగుతుంది. ఏళ్ల తరబడి దున్నడం వల్ల ఏర్పడ్డ పొర అది. పీట్‌కి అలాంటి అడుగు లేదు. ఉన్నా ఎక్కడో మీటరు, రెండు మీటర్ల లోతులో రాయి. స్ఫాగ్నమ్ అనే నాచు తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి, పైన చూడ్డానికి పచ్చటి తివాచీ, కింద గంజి. ముందు చక్రం అందులో దిగిపోతే సైకిల్ అక్కడే నిలబడిపోతుంది, మనం మాత్రం హ్యాండిల్ దాటి ముందుకి పోతాం.

అప్పటి నుంచి రంగు చూసి నడవడం నేర్చుకున్నాం. హెదర్ గోధుమ రంగు ఉన్నచోట నేల కాస్త గట్టి. రెల్లు లాంటి గడ్డి దుబ్బులుంటే తడి. దూది పింజల్లాంటి తెల్లటి కాటన్ గ్రాస్ ఊగుతుంటే ఊబి. మెరిసే లేతాకుపచ్చ కనిపిస్తే అటు చూడనే కూడదు.

కట్ గేట్‌లో బాగా పాడైన చోట్లని తర్వాత బాగుచేశారు. 2018లో నడిచిన మెండ్ అవర్ మౌంటెన్స్ చందాల కార్యక్రమంలో ఈ దారి కూడా ఉంది. నడిచేవాళ్లు, గుర్రాలవాళ్లు, సైకిళ్లవాళ్లు ముగ్గురూ కలిసి డబ్బు పోగుచేయడం ఇక్కడ అరుదైన విషయమే. ఇప్పుడు తొడల దాకా దిగే ప్రమాదం తగ్గింది. కానీ నాలుగు రోజులు వాన పడ్డాక పైభాగం ఇప్పటికీ బంక బంకగానే ఉంటుంది.

డ్యాముల దారిలో ఈ గొడవే లేదు. ఎంత వాన పడినా కంకర కంకరే. చక్రం అరంగుళం కూడా దిగదు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్న మాట ఎవరికైనా అతికినట్టు సరిపోతుందంటే, సోమవారం ఆఫీసుకి అదే సైకిల్ మీద పోవాల్సిన వాళ్లకే.

వాతావరణం విషయంలో చాలామంది తప్పు లెక్క వేస్తారు. రేపు వాన పడుతుందా అని చూస్తారు. నేను ముందు చూసేది గడిచిన వారం ఎంత పడిందని. పీట్ స్పాంజి లాంటిది, ఎండ వచ్చిన రెండు గంటల్లో ఆరదు. నీలాకాశం కింద కూడా కట్ గేట్ చెరువులా ఉండొచ్చు. అదే ఎండిన రెండు వారాల తర్వాత గంటసేపు జల్లు పడినా అక్కడ పెద్ద తేడా ఏమీ రాదు. రెండో సంగతి గాలి. అట్లాంటిక్ మీంచి వచ్చే పడమటి గాలి పెన్నైన్ కొండలకి తగిలి పైకి లేచి చల్లబడుతుంది, మబ్బు దిగుతుంది. కింద లోయలో టీషర్ట్ వాతావరణం, పైన పది గజాల ముందు ఏముందో కనిపించని పొగమంచు. ఎత్తు వల్ల తగ్గే వేడి రెండు డిగ్రీలే, తడిసిన ఒంటికి తగిలే గాలే అసలు శత్రువు. మెట్ ఆఫీస్, అంటే బ్రిటన్ వాతావరణ శాఖ, పీక్ డిస్ట్రిక్ట్ కొండలకి విడిగా ఒక సూచన ఇస్తుంది. ఊరి సూచన పక్కన పెట్టి అదే చూడాలి, అందులోనూ ముందు గాలి వేగం.

కట్ గేట్‌లో ఇంకో చిక్కు, మధ్యలో బయటపడే దారి లేదు. సగం దూరంలో గొలుసు తెగినా, చేతి వేళ్లు మొద్దుబారి బ్రేకు పట్టు దొరక్కపోయినా, ముందుకి ఎంతో వెనక్కి అంతే. మూర్ మీద అడ్డంగా పడి పోదామంటే అది ఇంకా పెద్ద ఊబి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. 999కి చేసి పోలీసులనీ, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూనీ అడగాలి. వచ్చేది జీతం లేని వాలంటీర్లు, వాళ్ల శనివారం వదులుకుని వస్తారు. మన సరదా కోసం వాళ్లని తడిపించడం నాకు సిగ్గనిపిస్తుంది. డ్యాముల దారిలో ఏ క్షణమైనా వెనక్కి తిరగొచ్చు. పక్కనే కొండ, చెట్లు గాలిని ఆపుతాయి, తిరిగొచ్చాక ఫెయిర్‌హోమ్స్‌లో వేడి టీ దొరుకుతుంది.

పైగా వాన రోజున డ్యాముల దారికో ప్రత్యేకమైన అందం ఉంది. డెర్వెంట్ డ్యామ్‌కి గేట్లు ఎత్తడం లాంటివేం ఉండవు. నిండితే నీళ్లు రాతి గోడ మీదుగా ఆ చివర నుంచి ఈ చివర దాకా తెల్లటి తెరలా జారతాయి. 1943లో జర్మనీ డ్యాముల మీద బాంబులు వేయబోయే ముందు బ్రిటిష్ వైమానిక దళం 617 స్క్వాడ్రన్ ఈ నీళ్ల మీదే తక్కువ ఎత్తులో ఎగరడం సాధన చేసింది. ఎండాకాలం వస్తే పొడి గోడ మాత్రమే కనిపిస్తుంది. నాగార్జునసాగర్ గేట్లెత్తితే మనం బస్సులు కట్టుకుని పోయినట్టే, ఇక్కడివాళ్లూ పెద్ద వానల తర్వాత పిల్లల్ని తీసుకుని వస్తారు.

మరి కట్ గేట్ ఎప్పుడూ వద్దా అంటే, అలా అంటే నేను అబద్ధం చెప్పినట్టే. ఈ రెంటిలో సైకిల్ తొక్కినట్టుండేది అదొక్కటే. మార్జరీ హిల్ దాటాక స్లిప్పరీ స్టోన్స్‌కి దిగే దారి, రాళ్లూ వాగు కోతలూ మెలికలూ, పూర్తిగా తొక్కి దిగిన రోజు రాత్రి నిద్ర పట్టదు. ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్తే తెల్ల కుందేళ్లు కనిపిస్తాయి. చలికాలంలో తెల్లబడే కొండ కుందేళ్లు ఇంగ్లండ్ మొత్తంలో స్వేచ్ఛగా బతుకుతున్నది ఇక్కడే. మంచు కరిగిపోయి నల్ల నేల మీద తెల్లగా దొరికిపోతూ ఉంటాయి పాపం. డ్యాముల చుట్టూ తిరగడం మూడోసారికి విసుగు పుడుతుంది. అందుకని నా లెక్క ఇది: పది రోజులు వాన లేని వేసవి, లేదా నేల గట్టిగా గడ్డకట్టిన చలికాలపు పొద్దు, ఈ రెండింటిలో కట్ గేట్‌కి సాటి లేదు. గడ్డకట్టిన పీట్ సిమెంట్ రోడ్డంత గట్టిగా ఉంటుంది. అయితే డిసెంబరు చివర్లో నాలుగు కొట్టకముందే పొద్దు కుంకుతుంది, మధ్యాహ్నం ఎండకి పై పొర కరిగితే మళ్లీ మొదటికొస్తుంది. తెల్లారగానే ఎక్కి, పన్నెండుకల్లా దిగిపోవాలి.

తడి రోజున ఎక్కకపోవడానికి ఇంకో కారణం ఉంది, అది మన సౌకర్యానికి సంబంధించింది కాదు. పీట్ పెరిగేది ఏడాదికి ఒక మిల్లీమీటరు. బురద తప్పించుకోవాలని ప్రతివాడూ అంచున పోతే బాట వెడల్పవుతుంది, ఆ అంచు కూడా నల్లబడుతుంది, తర్వాతివాడు ఇంకా బయటకి పోతాడు. ఒక్క చలికాలంలో మనం చెరిపేసేది వందల ఏళ్ల పెరుగుదల. ఇరుక్కుపోతే దిగి, బాట మధ్యలోంచే సైకిల్ నడిపించుకుపోవాలి. బూట్లు ఎలాగూ పోయాయి. ఇంగ్లండ్‌లో 1968 చట్టం వల్ల బ్రైడిల్‌వే మీద, అంటే కట్ గేట్ లాంటి గుర్రాలు కూడా పోయే బాట మీద, సైకిల్‌కి హక్కు వచ్చింది, గుర్రాలకీ నడిచేవాళ్లకీ దారి ఇవ్వాలన్న షరతుతో. నడిచేవాళ్లకి మాత్రమే ఉన్న ఫుట్‌పాత్ మీద ఆ హక్కు లేదు. ఉన్న హక్కుని బురదలో తొక్కేసుకోవడం తెలివి కాదు.

ఎవరో ఒకరు మూడో దారి గురించి అడుగుతారు: హోప్ క్రాస్ దగ్గర నుంచి దిగే రాళ్ల దారి, దీన్ని ఇక్కడివాళ్లు బీస్ట్ అంటారు. నేల విషయంలో అది బాగానే ఉంటుంది, అంతా రాయి కాబట్టి ఊబి లేదు. కానీ తడిసిన ఇసుకరాయి మీద నాచు, పెద్ద పెద్ద మెట్లు, వెనక చక్రం ఎటు పోతుందో తెలీదు. ఎండ రోజున దిగడం వచ్చినవాళ్లే వాన రోజున ఆలోచించాలి. మిగతావాళ్లు 1737 అని చెక్కిన ఆ దారి రాయిని చూసి, ఫోటో తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి రావడం మంచిది.

సామాను సంగతి కొంచెం. మూర్ మీద వెడల్పు టైరు తేలుతుందని ఒక నమ్మకం ఉంది. నాలుగంగుళాల ఫ్యాట్ బైక్ అయితే కొంత నిజమే. రెండున్నర అంగుళాల టైరు మాత్రం తేలదు, బురదని మోసుకుని ఫ్రేముకి పూస్తుంది, అంతే. పళ్లు పొడుగ్గా, ఎడంగా ఉండి బురద రాల్చేసే కాస్త సన్న టైరే నాకు నచ్చింది. డ్యాముల కంకర మీద మాత్రం అదే టైరు గడగడలాడుతూ ప్రాణం తీస్తుంది. బ్రేకు ప్యాడ్ల విషయంలో నేను దెబ్బ తిన్నాను. ఈ ఇసుకరాయి పొడి నీళ్లలో కలిస్తే సానరాయితో రుద్దినట్టే. రెసిన్ ప్యాడ్లు, అంటే జిగురుతో అతికించిన మెత్తటి రకం, ఒక్క రోజులో అరిగి ఇనుము మీద ఇనుము అరిచింది. అప్పటి నుంచి లోహపు పొడిని అదిమి చేసిన సింటర్డ్ ప్యాడ్లే. అరిచినా సైకిల్‌ని ఆపుతాయి. బూటుని బిగించి పట్టే క్లిప్ పెడల్ కన్నా ఫ్లాట్ పెడల్ మేలు, ఊబిలో కాలు ఎప్పుడు కింద పెట్టాలో మనకి చెప్పి రాదు కదా. ఎలక్ట్రిక్ సైకిల్ ఎక్కేటప్పుడు స్వర్గం, ఊబిలోంచి ఇరవై పైచిలుకు కిలోలు లాగేటప్పుడు నరకం. రెండు జతల గ్లౌజులు మాత్రం ఏ దారికైనా తప్పనిసరి. రెండో జత ప్లాస్టిక్ సంచీలో ఉండాలి.

ఈ వారం సోమ, మంగళ, గురువారాల్లో వాన పడింది, రేపు పడమటి గాలి గట్టిగా ఉందంటున్నారు. కాబట్టి నా ఓటు డ్యాములకే. షెఫీల్డ్ స్టేషన్‌లో పొద్దున రైలెక్కి బామ్‌ఫర్డ్‌లో దిగితే లేడీబౌవర్ నాలుగైదు కిలోమీటర్లు, అక్కడి నుంచి ఒడ్డు వెంట ఫెయిర్‌హోమ్స్. రైల్లో సైకిళ్లు రెండే ఎక్కనిస్తారు, ముందొచ్చినవాళ్లవే. మూడో సైకిల్ ఎవరిదైతే వాళ్లు స్టానేజ్ కొండ మీదుగా తొక్కుకుంటూ రావాలి. పోయినసారి అది నాదే అయింది కాబట్టి, ఈసారి అలారం అరగంట ముందుకి పెట్టుకున్నాను.