పల్లెకు ఏది మేలు: బయటి నుంచి వచ్చే ఫ్యాక్టరీయా, ఊరు తానే పెంచుకునే వ్యాపారమా?

పల్లె నిలదొక్కుకోవాలంటే ఏం చేయాలని అడిగితే ఎక్కడైనా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒక పెద్ద కంపెనీని రప్పిద్దాం, భూమి ఇద్దాం, కొన్నేళ్లు పన్ను వదులుకుందాం, వందల మందికి పని దొరుకుతుంది అనేది మొదటిది. మన నేలలో పండేదాన్ని, మన చేతులకు వచ్చిన పనిని సరుకుగా మార్చి మనమే అమ్ముకుందాం అనేది రెండోది. రెండూ కావాలని అనడం సులువే. కానీ ఊరి దగ్గరున్న భూమి కొంచెమే, డబ్బు ఇంకా కొంచెం, ఓపికతో తిరిగే మనుషులు మరీ తక్కువ. కంపెనీ కోసం పెట్టిన ఖర్చు ఊరి సహకార సంఘానికి మిగలదు. అందుకే దేన్ని ముందు పెట్టాలన్నది తేల్చుకోక తప్పదు.

నా మొగ్గు రెండోదాని వైపే. అయితే ఆ దారిలో చాలా ఊళ్లు ఎక్కడ చతికిలపడతాయో కూడా చెప్పాలి. మొదటి దారికి ఇవ్వాల్సిన మార్కులు దానికి ఇవ్వాలి.

ఫ్యాక్టరీకి ఉన్న పెద్ద బలం వేగం. వానను నమ్ముకుని ఏడాదికోసారి చేతికి డబ్బు చూసే ఇంట్లోకి నెలనెలా జీతం వస్తే ఆ ఇంటి తీరే మారిపోతుంది. అప్పు పుట్టడం తేలికవుతుంది, పిల్లల చదువు మధ్యలో ఆగదు. ఈ ఆశతోనే అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం 1936లో ఒక చట్టం చేసింది. అప్పటికి అది పత్తి మీద బతికే పేద రాష్ట్రం. గవర్నర్ హ్యూ వైట్ హయాంలో వచ్చిన ఆ చట్టంతో పట్టణాలు ప్రజల ఓటుతో బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి, ఆ డబ్బుతో ఫ్యాక్టరీ భవనాలు కట్టి కంపెనీలకు ఇవ్వొచ్చు. వ్యవసాయానికి పరిశ్రమను జోడించి తూకం సరిచేయాలన్నది వాళ్ల మాట. పరిశ్రమల కోసం రాయితీలతో పోటీ పడటం ఆ తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాలంతా పాకింది.

ఆ పథకం కింద వచ్చినవాటిలో రెండు రకాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అసలు విషయం అర్థమైంది. మిసిసిపీ తీరంలోని పాస్కగూలాలో 1938లో ఇంగాల్స్ నౌకా నిర్మాణ కేంద్రం మొదలైంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, వేల మందికి పనినిస్తోంది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు కూడా చిన్న చిన్న ఊళ్లకు వచ్చాయి. కానీ 1994లో మెక్సికో, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక అమెరికా దక్షిణాదిలోని కుట్టు ఫ్యాక్టరీలు వరుసగా మూతపడ్డాయి. ఓడలు కట్టడానికి సముద్రం ఒడ్డు, లోతైన నీళ్లు, ఏళ్ల తరబడి చేయి తిరిగిన వెల్డర్లు కావాలి. వాటిని ఎత్తుకుపోలేరు. కుట్టు మిషన్లను మాత్రం లారీకి ఎక్కించుకుని ఇంకా తక్కువ కూలీ దొరికే చోటికి తీసుకుపోవచ్చు. కాబట్టి కంపెనీ వస్తానన్నప్పుడు ఎన్ని ఉద్యోగాలు ఇస్తుందనే దానికన్నా ముందు, ఇక్కడికే ఎందుకు వస్తోందని అడగాలి. జవాబు చవక కూలీ, పన్ను మినహాయింపు అయితే, అంతకన్నా చవక ఎక్కడో దొరికిన రోజు అది వెళ్లిపోతుందని ముందే లెక్క వేసుకోవాలి.

వెళ్లిపోవడం ఒక ప్రమాదమైతే, సరిగ్గా రాకపోవడం మరొకటి. అమెరికాలోనే విస్కాన్సిన్ రాష్ట్రంలో మౌంట్ ప్లెజెంట్ అనే గ్రామం ఉంది. 2017లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ అక్కడ 1,000 కోట్ల డాలర్లతో టీవీ తెరల ఫ్యాక్టరీ పెడతానని, 13,000 మందికి ఉద్యోగాలిస్తానని ప్రకటించింది. రాష్ట్రం 285 కోట్ల డాలర్ల వరకు పన్ను రాయితీలు ఇస్తానంది. స్థానిక సంస్థలు అప్పు తెచ్చి భూములు కొన్నాయి, రోడ్లు వేశాయి, నీటి లైన్లు లాగాయి. ఇళ్లు ఖాళీ చేయించి కూల్చారు కూడా. 2021లో ఒప్పందాన్ని తిరగరాశారు: 1,454 ఉద్యోగాలు, 67.2 కోట్ల డాలర్ల పెట్టుబడి, రాయితీ 8 కోట్ల డాలర్లకు మించదు. తర్వాత ఆ స్థలంలో కొంత మైక్రోసాఫ్ట్ కొని డేటా సెంటర్ కట్టడం మొదలుపెట్టింది కనుక భూమి వృథా కాలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రాష్ట్రం తన రాయితీని నిజంగా ఇచ్చిన ఉద్యోగాలకు ముడిపెట్టింది. లెక్క తప్పగానే 2020లో చెల్లించనని చెప్పగలిగింది. ఊరు మాత్రం మాట మీద ముందే ఖర్చు పెట్టేసింది. కూల్చిన ఇల్లు ఏ షరతు రాసుకున్నా తిరిగి లేవదు.

ఇక రెండో దారి.

అమూల్ పుట్టిన ఊరు, గుజరాత్‌లోని ఆనంద్ కథ చాలామందికి తెలుసు. కానీ తెలిసినట్టు చెప్పుకునే కథలో సగమే ఉంటుంది. 1946లో ఖేడా జిల్లా పాల రైతులు త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సహకార సంఘం పెట్టుకున్నారు. తమ పాలను కొనే హక్కు ఒక్క కంపెనీ చేతిలోనే ఉండటం, ధర దళారుల నోట్లోంచి రావడం వాళ్లకు సహించలేదు. ఐక్యత గెలిచింది అని కథ ఇక్కడ ఆపేస్తారు. నిజానికి ఐక్యత పాలను విరిగిపోకుండా ఆపదు. చలికాలంలో గేదెలు ఎక్కువ పాలిస్తాయి, నగరానికి అన్ని అక్కర్లేదు. మిగిలిన పాలు ఏం చేయాలి? గేదె పాలతో పాలపొడి చేయడం కుదరదని అప్పటి నిపుణుల నమ్మకం. 1949లో ఆనంద్ వచ్చిన ఇంజనీరు వర్గీస్ కురియన్, ఆయన సహచరుడు హెచ్.ఎం. దలాయా దాన్ని చేసి చూపించారు. 1955లో పాలపొడి కర్మాగారం మొదలైంది. ఆ యంత్రం లేకపోతే, ప్రతి ఊళ్లో పొద్దున సాయంత్రం వెన్న శాతం కొలిచి దాని ప్రకారం డబ్బు చెల్లించే పద్ధతి లేకపోతే, ఆ సంఘం రెండు చలికాలాల్లో చేతులెత్తేసేదని నాకు అనిపిస్తుంది.

అందుకే స్థానికం అంటే పాతపద్ధతి అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. ఊరి సరుకు పోటీలో నిలవాలంటే కొలత, యంత్రం, చదువుకున్న ఇంజనీరు కావాలి. తేడా ఏమిటంటే ఆ ఇంజనీరు రైతుల దగ్గర జీతానికి ఉంటాడు.

జపాన్‌లో ఒయిటా అనే రాష్ట్రంలాంటి ప్రాంతంలోని ఒయామా మరో ఉదాహరణ. కొండల మధ్య ఊరు, చిన్న చిన్న మడులు. దేశమంతా వరి పెంచమంటున్న రోజుల్లో, 1961లో, ఈ ఊరు వరిని తగ్గించి ఉమె అనే పుల్లటి పండ్ల చెట్లు, చెస్ట్‌నట్ చెట్లు నాటింది. మైదానంలో వరి పండించేవాడితో కొండమీదివాడు ధరలో పోటీ పడలేడని వాళ్లు గ్రహించారు. చెట్లు నాటి హవాయి వెళ్దామన్నది ఊరి నినాదం. కష్టం గురించి కాకుండా ఆనందం గురించి మాట్లాడిన నినాదం కాబట్టే కుర్రకారు చెవిన పడిందని నా ఊహ. పచ్చిపండు అమ్మకుండా ఊరగాయగా, ఇతర రూపాల్లోకి మార్చి అమ్మారు. యువకులను చూసి రమ్మని విదేశాలకు పంపారు. ఈ అనుభవాన్ని చూసే ఒయిటా గవర్నర్ మొరిహికో హిరమత్సు 1979లో ఒక ఊరు ఒక సరుకు అనే ఉద్యమాన్ని మొదలుపెట్టారు. తర్వాత ఎన్నో దేశాలు ఆ పేరు అరువు తీసుకున్నాయి. పేరుతో పాటు మూడు సూత్రాలనూ తీసుకున్నారా అన్నదే ప్రశ్న: స్థానికమైనదాన్ని ప్రపంచ స్థాయికి చేర్చడం, ఊరు సొంతంగా ఆలోచించి నిర్ణయించుకోవడం, మనుషులను తయారుచేయడం. రాజధానిలో కూర్చుని ప్రతి ఊరి పేరు పక్కన ఒక సరుకు రాసిచ్చే పథకంలో మధ్య సూత్రం మొదటిరోజే పోతుంది. ఒయామా తన పంటను ప్రభుత్వ సలహాకు ఎదురు నిలిచి ఎంచుకుంది మరి.

ఇప్పుడు ఈ దారి లోపాలు. మొదటిది కాలం. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో మోండ్రాగోన్‌కు ఒక యువ పూజారి, హోసే మరియా అరిస్మెందియారియెతా, 1941లో వచ్చారు. 1943లో ఒక చిన్న సాంకేతిక పాఠశాల పెట్టారు. అందులో చదివినవాళ్లు మొదటి సహకార ఫ్యాక్టరీ పెట్టేసరికి 1956 వచ్చింది. సొంత బ్యాంకు 1959లో. అంటే బడి నుంచి ఫ్యాక్టరీకి పదమూడేళ్లు. పిల్లవాడికి ఈ ఏడాదే పని కావాల్సిన తల్లికి పదమూడేళ్లు ఆగమని చెప్పడం ఎవరికైనా కష్టమే. ఫ్యాక్టరీ తెస్తామనేవారి మాటకు అంత బలం ఉండటానికి కారణం ఇదే, దాన్ని అత్యాశ అని కొట్టిపారేయడం అన్యాయం.

రెండోది, సంఘం కూడా దివాలా తీస్తుంది. మోండ్రాగోన్ మొదటి ఫ్యాక్టరీ నుంచి ఎదిగిన గృహోపకరణాల కంపెనీ ఫాగోర్ 2013లో కుప్పకూలింది. సభ్యులు పెట్టుకున్న డబ్బు పోయింది, గుండెలు మండాయి. అయితే పక్కనున్న మిగతా సహకార సంఘాలు వాళ్లలో చాలామంది సభ్యులకు తమ దగ్గర పని చూపించాయి. మిసిసిపీలో కుట్టు ఫ్యాక్టరీ మూతపడినప్పుడు అలా పిలిచి పని ఇచ్చేవాళ్లు లేరు. రెండు ఎంపికలనూ లాభం వచ్చినప్పుడు పోల్చడం అలవాటు. నేనైతే చెడినప్పుడు ఏం మిగిలిందని పోలుస్తాను.

మూడో లోపం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఊరి వ్యాపారం ఊరి పెద్దల వ్యాపారంగా మారిపోవడం. భూమి ఉన్నవాడే అధ్యక్షుడు, అతని బంధువే లెక్కలు రాసేవాడు, ఆడవాళ్ల పేర్లు సభ్యుల జాబితాలో మాత్రమే. ఇలాంటి సంఘం కన్నా నియమం ప్రకారం జీతమిచ్చే బయటి కంపెనీయే పేదింటికి మేలు. ఐరోపా సంఘం (ఇప్పటి ఐరోపా యూనియన్) 1991లో లీడర్ అనే గ్రామీణ కార్యక్రమం మొదలుపెట్టింది. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో స్థానిక బృందాలే తేల్చుకుంటాయి. ఆ బృందాల్లో ప్రభుత్వానికి గానీ, మరే ఒక్క వర్గానికి గానీ 49 శాతానికి మించి ఓట్లు ఉండకూడదని తర్వాతి నిబంధనల్లో రాసుకున్నారు. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ ఎన్నో సంఘాలను చంపే జబ్బుకు అదే మందు.

రోడ్డు, కరెంటు, ఇంటర్నెట్ వేస్తే చాలు, మిగతాది అదే జరుగుతుందనే మూడో వాదన కూడా ఉంది. అవి రెండు దారులకూ కావాలి, దాంట్లో వాదించేదేమీ లేదు. కాకపోతే ఊళ్లో అమ్మడానికి ఏమీ సిద్ధం కాకముందే రోడ్డు పడితే, బయటి సరుకు లోపలికి, ఊరి కుర్రాళ్లు బయటికి పోవడానికే అది ముందు పనికొస్తుంది.

సహాయం ఎలా పంచాలన్న విషయంలో దక్షిణ కొరియా అనుభవం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. 1970లో ప్రభుత్వం దాదాపు 33,000 గ్రామాలకు తలా 335 బస్తాల సిమెంటు ఇచ్చింది. అందరికీ అంతే. కొన్ని ఊళ్లు వంతెనలు, దారులు, బావులు కట్టుకున్నాయి, కొన్ని ఊళ్లు పెద్దగా ఏమీ చేయలేదు. మరుసటి విడతలో బాగా చేసిన 16,600 ఊళ్లకే 500 బస్తాలు, ఒక టన్ను ఇనుము ఇచ్చారు. అప్పటిది నియంతృత్వ పాలన, ఊళ్ల మీద ఒత్తిడి ఉండేది, కాబట్టి మొత్తంగా మెచ్చుకోలేను. కానీ ఒకే సిమెంటుతో పక్కపక్క ఊళ్లకు వేర్వేరు ఫలితం వచ్చిందంటే, కలిసి పనిచేసే అలవాటు కూడా ఒక పెట్టుబడే. దాన్ని బయటి కంపెనీ తెచ్చి పెట్టదు.

మరి కంపెనీకి తలుపు మూసేయాలా? అక్కర్లేదు. చైనాలో గ్రామాల, మండలాల సంస్థల్లో 1978లో 2.8 కోట్ల మంది పనిచేసేవారు, 1996 నాటికి అది 13.5 కోట్లయింది. వాటిలో చాలా వాటి బలం నగరాల్లోని పెద్ద ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసిపెట్టడంలో ఉంది. కొనేవాడు బయటివాడు, యజమాని ఊరు. కంపెనీ వస్తానంటే నేను అడిగేవి ఇవే: విడిభాగాలు, రవాణా, మరమ్మతు పని ఊరివాళ్లకు ఎంత ఇస్తావు? మా పిల్లలకు ఏ పని నేర్పుతావు, ఆ పని నువ్వు పోయాక ఇంకెక్కడైనా పనికొస్తుందా? రాయితీ పని ఇచ్చాక, ఇచ్చినంత మేరకే. వీటికి ఒప్పుకునే కంపెనీ అయితే, సముద్రమో గనో నైపుణ్యమో అక్కడే కట్టిపడేసే కారణం దానికి ఉంటే, ఆ ఊరు మొదటి దారినే ముందు పెట్టుకోవచ్చు. పంటకు నీళ్లు లేక, రేవుకు దగ్గరగా ఉండి, చదివిన యువత ఖాళీగా ఉన్న చోట నేనూ అదే చెబుతాను.

మిగతా చోట్ల, అంటే చాలా చోట్ల, కంపెనీ అసలు రాదు. జపాన్‌లోని కమికాత్సు అలాంటిదే. కొండల్లో ఉన్న ఆ ఊరి జనాభా 1,500 దాటదు, సగానికి పైగా 65 ఏళ్లు దాటినవారు. 1981లో గడ్డకట్టే చలికి నారింజ తోటలు చచ్చిపోయాయి. వ్యవసాయ సంఘంలో పనిచేసే తొమొజి యొకోయిషి 1986లో ఒక ఆలోచనతో వచ్చారు: హోటళ్లలో భోజనం పళ్లేల్ని అలంకరించే ఆకులు, పువ్వులు ఊరి కొండల నిండా ఉన్నాయి, వాటిని కోసి అమ్ముదాం. మొదట నవ్వినవాళ్లున్నారు. ఆయన హోటళ్లకు తిరిగి ఏ ఆకు ఏ పరిమాణంలో, ఏ ఋతువులో కావాలో నేర్చుకున్నారు. ఆకు తేలిక, కాబట్టి వయసు మళ్లిన ఆడవాళ్లు మోయగలరు. ఆర్డర్లు మొదట ఫ్యాక్స్‌లో, తర్వాత కంప్యూటర్లో, ఆపైన ట్యాబ్లెట్లో వచ్చాయి. 300 రకాలకు పైగా ఆకులు, పువ్వులు అక్కడి నుంచి వెళ్తాయి. డెబ్బై, ఎనభై ఏళ్ల స్త్రీలు పొద్దున్నే తెర మీద ఈ రోజు ఆర్డర్లేమిటో చూసుకుని, చెట్టు దగ్గరికి వెళ్తారు.