బేస్‌బాల్ సావంట్: ఫాంటసీ డ్రాఫ్ట్‌లో చవకగా దొరికే ఆటగాళ్లను చూపే సైట్

నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వారి అంకెలతో పోటీపడే ఆట ఫాంటసీ బేస్‌బాల్. ఏటా మార్చిలో దాని డ్రాఫ్ట్‌లు (ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ఘట్టాలు) దగ్గరపడేకొద్దీ, సత్తాకు తగిన ధర పలకని ఆటగాళ్లు ఎవరున్నారన్న వెతుకులాట మొదలవుతుంది. దానికోసం నేను అన్నిటికన్నా ముందు తెరిచే సైట్ బేస్‌బాల్ సావంట్. మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా నడిపే ఈ సైట్‌ను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

2015 నుంచి లీగ్‌లోని 30 జట్ల మైదానాల్లోనూ పనిచేస్తున్న స్టాట్‌కాస్ట్ వ్యవస్థ ప్రతి బంతి వేగాన్నీ మలుపునూ, బ్యాట్‌ను తాకిన తర్వాత అది ఎంత వేగంతో ఏ కోణంలో లేచిందన్నదాన్నీ కొలుస్తుంది. ఆ కొలతలను సావంట్ ఆటగాళ్లవారీగా మన ముందుంచుతుంది. గంటకు 95 మైళ్ల వేగంతో కొట్టిన బంతి నేరుగా ఫీల్డర్ చేతిలో పడవచ్చు, బ్యాట్ అంచుకు తగిలిన బంతి ఇద్దరు ఫీల్డర్ల మధ్య రాలి హిట్ (బ్యాటర్‌ను సురక్షితంగా బేస్‌కు చేర్చే దెబ్బ) కావచ్చు. నిరుటి బ్యాటింగ్ సగటులో (ప్రయత్నాల్లో ఎన్ని హిట్లయ్యాయన్న లెక్కలో) ఈ తేడా కనబడదు. సావంట్ లెక్కగట్టే ఎక్స్‌పెక్టెడ్ సగటు మాత్రం అలాంటి బంతులు సాధారణంగా ఏ ఫలితమిస్తాయో చూసి చెబుతుంది. ఈ ఎక్స్‌పెక్టెడ్ సగటు అసలు సగటు కన్నా బాగా ఎక్కువగా ఉన్న బ్యాటర్ల దగ్గరే నా జాబితా మొదలవుతుంది.

నా అభిప్రాయంలో ఈ సైట్ అసలు బలం పిచర్ల (బంతి విసిరేవారి) విషయంలో తెలుస్తుంది. 2019లో మిల్వాకీ జట్టు పిచర్ కార్బిన్ బర్న్స్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ తన ఖాతాలో ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మేలు) 8.82, ఆ అంకె చూసినవారెవరూ అతని జోలికి వెళ్లరు. కానీ అతను వేసిన బంతులను రకాలవారీగా విడదీసి చూస్తే, బ్యాటర్లు చితకబాదింది ప్రధానంగా ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్‌నేననీ (దాదాపు నేరుగా వెళ్లే వేగపు బంతి), పక్కకు మలుపు తిరిగే స్లైడర్‌కు మాత్రం తరచూ బ్యాట్ ఊపి తప్పిపోయారనీ అర్థమవుతుంది. 49 ఇన్నింగ్స్‌లోనే 70 స్ట్రైక్‌అవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) తీసిన ఆ చేయి, ఫోర్-సీమ్‌ను దాదాపుగా వదిలి కట్టర్‌ను (చివర్లో కొద్దిగా పక్కకు జరిగే వేగపు బంతిని) నమ్ముకున్న 2020లో 2.11 ఈఆర్‌ఏ సాధించింది. మరుసటి ఏడాది అతనికి ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది. ఇలాంటి పిచర్ డ్రాఫ్ట్ చివరి రౌండ్లలో దొరకడం కన్నా ఫాంటసీ ఆటలో ఆనందమేముంది!

అయితే ఈ అంకెలను గుడ్డిగా నమ్మకూడదు. ఎక్స్‌పెక్టెడ్ లెక్కలు బంతి ఎడమకు వెళ్లిందా కుడికి వెళ్లిందా అన్నది పట్టించుకోవు. అందుకే, ఎడమ ఫౌల్ గీత వెంబడి బంతిని గాల్లోకి లేపడంలో ఆరితేరిన బ్యాటర్ ఐజాక్ పారెడెస్, బంతిని అంత గట్టిగా కొట్టకపోయినా 2023లో 31 హోమ్ రన్లు సాధించడం ఈ లెక్కలకు అందలేదు. స్టోలెన్ బేస్‌ల (పిచర్ బంతి వేస్తుండగా పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం) సంగతీ అంతే. లీగ్‌లో అతి నెమ్మదిగా పరుగెత్తేవారిలో ఒకడైన జాష్ నేలర్ 2025లో 30 బేస్‌లు దొంగిలించాడు. 2023లో బేస్‌ల సైజు పెంచి, పిచర్ల పికాఫ్ ప్రయత్నాలకు (బేస్‌పై ఉన్న రన్నర్‌ను అవుట్ చేయడానికి అటు బంతి విసరడానికి) హద్దు పెట్టాక, కాలి వేగం కన్నా పిచర్‌ను చదవగల తెలివికి విలువ పెరిగింది. సావంట్‌లోని స్ప్రింట్ స్పీడ్ (పరుగు వేగం) పట్టిక ఆ తెలివిని చూపదు.

పైగా సావంట్‌లో ధర ఉండదు. ఆటగాడి పేజీలో అన్నీ ఎర్రటి గుర్తులే (లీగ్‌లో మెరుగైనవారిలో ఉన్నాడని చెప్పే గుర్తులు) ఉన్నంత మాత్రాన అతను చవక అని కాదు, ఎందుకంటే ఆ ఎరుపును మీ లీగ్‌లోని మిగతావారూ చూసే ఉంటారు. మీరు ఆడే సైట్ ఇచ్చే సగటు డ్రాఫ్ట్ స్థానాల జాబితాను (ఒక్కో ఆటగాడిని సగటున ఎన్నో ఎంపికగా తీసుకుంటున్నారో చెప్పేది, అదే అతని ధర) పక్కన పెట్టుకుని, మొత్తం సీజన్ అంకెల కన్నా ఆటగాడి పేజీలో ఉండే రోలింగ్ గ్రాఫ్‌ను (అతని ఆట కాలంతో పాటు ఎలా మారిందో చూపే గీతను) చూడమంటాను. ఆగస్టు, సెప్టెంబరులలో మెరుగుపడిన బ్యాటర్‌ను ఏడాది మొత్తం సగటు దాచేస్తుంది, అతని ధర కూడా ఆ సగటునే అనుసరిస్తుంది.

సేవ్‌ల (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడి ఆట ముగించిన పిచర్‌కు దక్కే గుర్తింపు) కోసం మాత్రం ఈ సైట్‌పై ఆధారపడవద్దు. తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరికి అప్పగించాలన్నది మేనేజర్ నిర్ణయం కనుక, దానికి స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కు ముందు జరిగే శిక్షణ శిబిరాల) వార్తలను రోజూ చదవడమే మార్గం.