రౌటర్‌గా ఎన్100 మినీ పీసీ: గొడవంతా బటన్ సెల్‌తోనే

వేగం సంగతి అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. ఫ్యాన్ లేని, ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న డబ్బా, నాలుగు ఐ226 నెట్‌వర్క్ పోర్టులు, దాన్ని రౌటర్‌గా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపీఎన్‌సెన్స్. కోపమంతా బోర్డు మీదుండి, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే సీఆర్2032 సెల్ మీదే.

అది అయిపోయిందని ఏ లైటూ చెప్పదు. కరెంటు పోయి వచ్చినప్పుడే బయటపడుతుంది. బయోస్ (పీసీ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకున్నదీ పోతుంది, డబ్బా ఉలుకూపలుకూ లేకుండా పడుంటుంది. బటన్ నొక్కితే లేస్తుంది, పీపీపీఓఈ (ప్రొవైడర్‌కి లాగిన్) కలుస్తుంది, గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్ వెళ్తుంది. ఒక్క సైటూ తెరుచుకోదు. ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందంటారు, నిజంగానే బాగుంటుంది.

తేదీ ఏళ్ల వెనక్కి పోవడమే కారణం. సైట్ల పేర్లకి అడ్రసులు వెతికే (డీఎన్ఎస్) ప్రోగ్రామ్ అన్‌బౌండ్‌లో, జవాబుల మీద సంతకాలు సరిచూసే డీఎన్ఎస్‌సెక్ ఆన్‌లో ఉంటే, రూట్ సంతకాల గడువు ఇంకా మొదలవలేదనుకుని ప్రతి జవాబునూ తోసిపుచ్చుతుంది. టైమ్ సరిచేయాల్సిన ఎన్‌టీపీకి సర్వర్ అడ్రసు దొరకాలంటే డీఎన్ఎస్ కావాలి, డీఎన్ఎస్‌కేమో సరైన టైమ్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! వీపీఎన్ కోసం వాడే వైర్‌గార్డ్‌ కూడా అంతే, పాత తేదీతో వెళ్లిన హ్యాండ్‌షేక్‌ని అవతలి మెషీన్ పట్టించుకోదు.

అప్పటికప్పుడైతే కన్సోల్‌లో డేట్ కమాండ్‌తో తేదీ ఇచ్చి అన్‌బౌండ్ రీస్టార్ట్ చేస్తే చాలు. మళ్లీ రాకుండా ఎన్‌టీపీ లిస్టులో ఒక్క సర్వరైనా పేరుతో కాకుండా అంకెల్లో ఉంచండి, క్లౌడ్‌ఫ్లేర్‌ది 162.159.200.1. సెల్ కొనేముందు మూత తీసి చూడండి: చాలా డబ్బాల్లో రెండు వైర్ల కనెక్టర్‌తో, ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది, షాపులో దొరికే ఉత్త సెల్ పనికిరాదు. మల్టీమీటర్‌లో 3 వోల్టులు రావాలి, 2.5కి దిగితే మార్చేయడమే. మార్చాక బయోస్ సెట్టింగ్ మళ్లీ పెట్టాలి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

మామూలు రౌటర్లలో చాలావాటికి ఈ సెల్లే ఉండదు. అందుకే వాటిలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ బూటయ్యేటప్పుడు, సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో అన్నిటికన్నా కొత్త ఫైల్ తేదీ చూసి టైమ్ దాదాపుగా సర్దుకుంటుంది. పీసీ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ గడియారాన్ని గుడ్డిగా నమ్ముతుంది.

లైన్ నిండినా ఆలస్యం పెరగకుండా ట్రాఫిక్‌ని సర్దే ఎఫ్‌క్యూ-కోడెల్ షేపర్‌ని మొదట్లో తెగ పొగిడాను. ఇప్పటికీ బాగుంది, కాకపోతే పీపీపీఓఈ లైన్ మీద వచ్చే ట్రాఫిక్ అంతా ఒకే కోర్ మీద పడుతుంది. ఓపీఎన్‌సెన్స్ లోపలి సెట్టింగులైన ట్యూనబుల్స్‌లో, పని మిగతా కోర్లకీ పంచేలా నెట్.ఐఎస్ఆర్.డిస్పాచ్‌ని డిఫర్డ్ చేశాకే కాస్త తేలికపడింది.

వీల్యాన్‌లు (ఇంటి నెట్‌వర్క్‌ని వేరువేరు భాగాలు చేయడం), వీపీఎన్, గిగాబిట్ మీద షేపింగ్ కావాలంటే, మూత విప్పగలిగే మనిషి ఇంట్లో ఉంటే, తీసుకోవచ్చు. 100 ఎంబీపీఎస్ లైనూ, తరచూ కరెంటు కోతలూ ఉన్న ఇంటికైతే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన మామూలు రౌటరే నయం. 12 వోల్టులు, 2 ఆంపియర్ల చిన్న యూపీఎస్ దానికి సరిపోతుంది. ఈ డబ్బాకి వచ్చిన అడాప్టరే 3 ఆంపియర్లది.