5 కిలోల కాటా, 610 గ్రాముల చీమ

వంటింట్లో పిండి, చక్కెర తూచుకునే డిజిటల్ కాటా ఇది. 5 కిలోల దాకా తూస్తుంది, ఒక్క గ్రాము తేడా కూడా చూపిస్తుంది. రెండు సన్న బ్యాటరీలతో నడుస్తుంది. నేను మాత్రం దీనిమీద ఇంతవరకు పిండి తూచలేదు. కొన్నది ఒక పిల్లికూన కోసం. కాబట్టి కేకులు చేసుకునేవాళ్లకు ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు.

కూన పేరు చీమ. మెట్ల కింద ఒంటరిగా అరుస్తుంటే ఇంట్లోకి తెచ్చుకున్నాం. దాని పొట్ట గుండ్రంగా, బిగుతుగా ఉంటే, పోన్లే, తిండి బాగానే పడుతోందని మురిసిపోయాను. వెటర్నరీ డాక్టరు గారు దాన్ని బల్లమీద పెట్టి, "మీరే ఒకసారి వీపు నిమిరి చూడండమ్మా" అన్నారు. వెన్నుపూసలు జపమాల పూసల్లా ఒక్కొక్కటే వేళ్లకు తగిలాయి. "ఈ పొట్ట తిండిది కాదు, పురుగులది. పాలపళ్లన్నీ వచ్చేశాయి, 8 వారాలు దాటి ఉంటుంది. మొదటి నాలుగైదు నెలలు కూనలు నెలకి దాదాపు 450 గ్రాములు పెరుగుతాయి. ఈపాటికి 900 దగ్గర ఉండాలి" అన్నారు. అక్కడి కాటా చూపించింది 610.

పురుగుల మందు వేశారు, మళ్లీ రెండు వారాలకు ఇంకో డోసు అన్నారు. రోజూ ఒకే వేళకు, పొద్దున తిండికి ముందు తూచి రాసుకోమన్నారు.

ఇంట్లో మనుషులు ఎక్కే మెషీన్ ఉంది కదా అని మొదట దాన్ని వాడాను. చీమను ఎత్తుకుని ఒకసారి, దించేసి ఒకసారి ఎక్కి, తేడా తీయడం. ఆ మెషీన్ 100 గ్రాముల లెక్కన కదులుతుంది. కూన రోజుకి పెరిగేది 10, 15 గ్రాములు. రెండు రోజులు ఎక్కి దిగితే తెలిసింది నా బరువు మాత్రమే. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

అలా ఈ కాటా వచ్చింది. దీంతో మొదటి చిక్కు, పళ్లెం చిన్నది. కూన దానిమీద క్షణం కూర్చోదు. ప్లాస్టిక్ బుట్ట పెట్టి, బటన్ నొక్కి సున్నా చేసి, అందులో చీమను దించాలి. బుట్ట పెడితే అంకెలు కనిపించే గాజుముక్క కాస్తా దాని కిందికి పోతుంది. నేలమీద బోర్లా పడుకుని, బుట్ట అంచు కిందనుంచి తొంగి చూడాలి. ఈలోపు అంకె 618, 655, 590 అంటూ గంతులేస్తుంది. అంకె స్థిరపడ్డాక పట్టి ఉంచే బటన్ ఇందులో లేదు. పైగా రెండు నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. కూనను వెతికి పట్టుకొచ్చేసరికి తెర నల్లగా ఉంటుంది. మళ్లీ మొదటినుంచి.

దీనికి ఉపాయం మా బాబు కనిపెట్టాడు. బుట్టలో చెంచాడు వెట్ ఫుడ్ (పౌచ్‌లో వచ్చే తడి తిండి) వేసి, అప్పుడు సున్నా చేసి, చీమను దించమన్నాడు. తింటున్నంతసేపు కదలదు. "మరి అది తినేకొద్దీ బరువు మారదా?" అన్నాను. "బుట్టలోది పొట్టలోకి పోతుంది, అంతే కదమ్మా. కాటా మీదనుంచి ఎక్కడికీ పోలేదుగా" అన్నాడు. నిజమే. ఆ రోజునుంచి తూకం పది సెకన్ల పని.

ఇక ఆ అంకెలు ఏం చెప్పాయో చెప్పాలి. మొదటి నాలుగు రోజులు 610, 614, 613, 596. ఆఖరిది పాల పుణ్యం. మా అత్తయ్య "బక్క ప్రాణం, పాలు పోయకుండా పెంచుతారా ఎక్కడైనా?" అని గిన్నెడు పోసేశారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందన్నారు గానీ, తాగాక ఏమవుతుందో పెద్దలు చెప్పలేదు. ఆవుపాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర చాలా పిల్లులకు అరగదు. రాత్రంతా విరేచనాలు. తెల్లారి 17 గ్రాములు తగ్గింది. అత్తయ్యకు నేను చెప్తే వాదన అయ్యేది, కాటా చూపిస్తే ఊరుకున్నారు. తల్లిపాలు తాగే వయసు కూనలకైతే వాటికోసమే చేసిన పాలపొడి ఉంటుందట. చీమకు ఆ వయసు దాటిపోయింది, పక్కన మంచినీళ్లు చాలన్నారు డాక్టరు గారు.

రెండో తప్పు నాదే. నేను కొన్న పౌచ్ మీద ముద్దొచ్చే కూన బొమ్మ ఉంది. అది చూసి డజను తెచ్చాను. వెనకాల చీమతలంత అక్షరాల్లో 'కాంప్లిమెంటరీ' అని ఉంది. అంటే పక్కన పెట్టే చిరుతిండి, పూర్తి భోజనం కాదు. చూడాల్సిన మాటలు 'కంప్లీట్', దాంతోపాటు 'గ్రోత్' లేదా 'ఆల్ లైఫ్ స్టేజెస్'. పెరిగే కూనకు కిలో బరువుకి పెద్ద పిల్లికన్నా రెండు మూడు రెట్లు శక్తి కావాలి. టారిన్ అనే పోషకం పిల్లుల ఒంట్లో సరిపడా తయారవదు, తిండిలోనే రావాలి. అది లోపిస్తే గుండె, కళ్లు దెబ్బతింటాయి. కుక్కల తిండి పెట్టొద్దనేది అందుకే. వట్టి మాంసం పెట్టినా కాల్షియం చాలక ఎముకలు మెత్తబడతాయి.

పౌచ్ మీద ప్రొటీన్ 10 శాతం, డ్రై ఫుడ్ మీద 34 శాతం చూసి, పౌచ్ దండగ అనుకున్నాను. మా ఆయన కాగితం తీసుకుని లెక్క వేశారు. పౌచ్‌లో 80 శాతం నీళ్లే. మిగిలిన 20లో 10 అంటే సగం ప్రొటీన్. డ్రై ఫుడ్‌లో నీళ్లు 10 శాతమే, మిగతా 90లో 34 అంటే దాదాపు 38 శాతం. చివరికి రెండూ పెడుతున్నాం. రోజుకి నాలుగుసార్లు. పొట్ట చిన్నది కదా, ఒక్కసారే కుక్కితే కక్కేస్తుంది. కొత్త తిండికి మార్చేటప్పుడు పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారం తీసుకున్నాం.

ఈ కాటాకు నేను నిజంగా దండం పెట్టింది తిండి తూచేటప్పుడు. గుప్పెడు అనుకుని వేసే డ్రై ఫుడ్ ఒకపూట 14 గ్రాములు, ఇంకోపూట 21. గిన్నెను ముందూ వెనకా తూస్తే ఎంత తిన్నదో ఖాయంగా తెలుస్తుంది. ఫ్రిజ్‌లోనుంచి తీసిన పౌచ్ అలాగే పెడితే వాసన చూసి, మూతి తిప్పుకుని 7 గ్రాములు తిన్నది. అదే పౌచ్‌ను మర్నాడు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి పెడితే 19. వేడి తగిలితే వాసన లేస్తుంది, పిల్లికి ముందు ముక్కు తినాలి. పైగా గిన్నె లోతుగా ఉంటే మీసాలు అంచులకు తగిలి విసుక్కుంటోందని నా అనుమానం. సాసర్‌లో పెడుతున్నాను.

పురుగుల మందు పనిచేశాక, తిండి మారాక, మొదటి వారం రోజుకి 10, 12 గ్రాముల చొప్పున ఎక్కింది. తర్వాత 15, 20. మధ్యలో ఒకరోజు ఉన్నట్టుండి 18 గ్రాములు పడిపోతే టెన్షన్ పడి డాక్టరు గారికి ఫోన్ చేశాను. "లిట్టర్ బాక్స్ చూశారా?" అన్నారు. అదే, చీమ దొడ్డికి వెళ్లే పెట్టె. చూశాను. 18 గ్రాములూ అక్కడున్నాయి. ఒక్కరోజు అంకె పట్టించుకోవద్దు, వారం మొత్తం ఎటు పోతోందో చూడండి, కానీ కూన ఒక పూర్తి రోజు ముద్ద ముట్టకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా తీసుకురండి అన్నారు.

ఎవరైనా కొంటే బుట్ట పెట్టినా తెర కనిపించేది, అంకెను పట్టి ఉంచే బటన్ ఉన్నది వెతుక్కోండి. నా దానిలో ఆ రెండూ లేవు, అందుకే ఒక స్టార్ కోత. ఐదింటికి నాలుగు.

ఆరు వారాలైంది. ఈ పొద్దున 1,243. ఇప్పుడు వీపు నిమిరితే పూసలు ఉన్నాయని తెలుస్తుంది గానీ గుచ్చుకోవు. పైనుంచి చూస్తే నడుము కాస్త సన్నగా, పొట్ట మెత్తగా ఉంది. బటన్ నొక్కగానే కాటా కీమంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, చీమ ఏ మంచం కింద ఉన్నా పరుగెత్తుకొచ్చి తనే బుట్టలో కూర్చుంటుంది. నిన్న మధ్యాహ్నం మా ఆయన బ్యాటరీలు మార్చి ఒకసారి నొక్కి చూశారు. వచ్చి కూర్చుంది. చెంచాడు వేసేదాకా దిగలేదు.