బల్లార్షా ఎండల్లో ఆరేళ్లు వాడిన ఇన్వర్టర్: వేడి ఎక్కడ పుడుతుంది, ఎలా తగ్గింది

900 వీఏ (మోయగల లోడుకు కొలత) సైన్‌వేవ్ ఇన్వర్టర్, దానికి ఒకే ఒక్క 150 ఏహెచ్ (పట్టే చార్జికి కొలత) టాల్ ట్యూబులర్, అంటే గొట్టాల ప్లేట్లున్న పొడవాటి బ్యాటరీ. ఆరు ఎండకాలాలు దాటింది ఈ సెట్టు. బల్లార్షా ఉన్న మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలో మే నెలంటే 45, 46 డిగ్రీలు మామూలే. దానికి గనుల వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము తోడు. బ్యాకప్ ఎన్ని గంటలు, వారంటీ ఎన్నేళ్లు అనేవి డబ్బా మీదే రాసి ఉంటాయి. ఇక్కడ మిషిన్ని చంపేది వేడి, అందుకే ఈ సమీక్షంతా దాని గురించే.

ఆరేళ్లలో ఓవర్‌హీట్ లైటు వెలిగిన ప్రతిసారీ కారణం సర్క్యూట్ బోర్డు బయటే దొరికింది. వదులైన బోల్టు, దుమ్ము పట్టిన ఫ్యాను, గాలాడని మూల, మోయించకూడని లోడు. బోర్డు మార్చాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

మొదట బోల్టు సంగతి. 12 వోల్టుల సెట్టులో కరెంటు చాలా ఎక్కువ పారుతుంది. 300 వాట్ల లోడుకు బ్యాటరీ నుంచి దాదాపు 30 ఆంప్స్, 500 వాట్లకు 50 ఆంప్స్ దాకా లాగుతుంది. బ్యాటరీ టెర్మినల్ దగ్గర లగ్గు (తీగ చివర బోల్టుతో బిగించే లోహపు ముక్క) సరిగా కూర్చోక 10 మిల్లీఓమ్‌ల అడ్డు వచ్చిందనుకోండి, 50 ఆంప్స్ దగ్గర అక్కడే 25 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో తెలుసు కదా, అంత వేడి ఆ ఒక్క బోల్టు కింద. పైగా అక్కడ అర వోల్టు పోతుంది కాబట్టి బ్యాటరీ ఇంకా ఉండగానే ఇన్వర్టర్ ‘లో బ్యాటరీ’ (చార్జి తక్కువ) అని కూతపెడుతుంది. చాలామంది బ్యాటరీ పోయిందనుకుని మార్చేది ఇలాంటప్పుడే.

దీన్ని పట్టుకోవడానికి 200 రూపాయల మల్టీమీటర్ చాలు. ఇన్వర్టర్ మీద లోడు నడుస్తుండగా మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ సీసపు పోస్టు మీద, ఇంకోటి దాన్ని పట్టుకున్న లగ్గు మీద ఆనించాలి. పదో ఇరవయ్యో మిల్లీవోల్టులు చూపిస్తే పరవాలేదు. వంద దాటితే విప్పాల్సిందే. మా దగ్గర ఒకసారి ప్లస్ లగ్గు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో (ముట్టుకోకుండా వేడి కొలిచేది) 71 డిగ్రీలు చూపించింది. విప్పి చూస్తే కింద తెల్లటి పొడి, దాని అడుగున నల్లబడిన సీసం. ముందు మెయిన్ స్విచ్ ఆపి, మైనస్ తీసి, తర్వాత ప్లస్ తీయాలి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్ది (సెల్ మూతల్లోకి చుక్క కూడా పోకూడదు), పొడిగుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో గీకి, బిగించాక పైన వాజిలిన్ పూయాలి. ముందే పూసి బిగించకూడదు. పానా పిడికి ఇన్సులేషన్ టేప్ చుట్టకుండా బ్యాటరీ దగ్గరికి వెళ్లొద్దు. ప్లస్‌కీ మైనస్‌కీ పానా అడ్డం పడితే వందల ఆంప్స్ పారతాయి. ఇదంతా అయ్యాక అదే లోడుకు అదే లగ్గు 48 డిగ్రీల దగ్గర ఆగింది. మొత్తం ఖర్చు ఒక వాజిలిన్ డబ్బా.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉన్నవాళ్లకు ఒక జాగ్రత్త. మెరిసే అల్యూమినియం, రాగి మీద అది నిజం కన్నా బాగా తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి.

ఇక లోడు. కరెంటు పెరిగితే వేడి దాని వర్గంలో పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. 300 వాట్ల నుంచి 500కి పోతే తీగల్లో, మాస్ఫెట్లలో (ఇన్వర్టర్ లోపల కరెంటును స్విచ్ చేసే భాగాలు) వేడి దాదాపు మూడింతలు. ఈ ప్రాంతంలో ఎండకాలం ఇన్వర్టర్ల మీద పడే పెద్ద భారం కూలర్. మోటారు, పంపు కలిపి 180 వాట్ల దాకా తింటుంది. దానికి రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు 75 చొప్పున, లైట్లు, టీవీ కలిస్తే 400 దాటినట్టే. ఫ్యాన్లను 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే మోటారున్న) ఫ్యాన్లకు మార్చడం ఈ ఆరేళ్లలో చేసిన అన్ని మార్పుల్లోకీ ఎక్కువ పనిచేసింది. కూలర్ తప్పదంటే రాత్రిపూట, ఒక ఫ్యాను ఆపేసి నడపాలి. పగలు రేకుల ఇంట్లో కూలర్‌ని ఇన్వర్టర్ మీద నడపడం మాత్రం ఒప్పుకోలేను.

మిషిను అతి వేడిగా ఉండేది కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగొచ్చాక. నాలుగు గంటల కోత తర్వాత మధ్యాహ్నం రెండింటికి కరెంటొస్తే బ్యాటరీకి 15 ఆంప్స్ చార్జింగ్ మొదలవుతుంది. ఇన్వర్టర్ లోపలున్న అదే ట్రాన్స్‌ఫార్మరు గంటల తరబడి పనిచేస్తుంది, గదేమో 42 డిగ్రీల్లో ఉంటుంది. చార్జింగ్ ఎక్కువ, తక్కువ అని స్విచ్ ఉన్న మోడల్ అయితే ఏప్రిల్ నుంచి జూన్ దాకా తక్కువలో పెట్టండి. కానీ రోజుకు ఐదారు గంటల కోతలుంటే అలా పెట్టొద్దు, బ్యాటరీ ఏనాడూ నిండక ప్లేట్లు సల్ఫేషన్ (గట్టి సల్ఫేటు పొర) పడతాయి. వెనకున్న బ్యాటరీ రకం స్విచ్ ట్యూబులర్ దగ్గర ఉందో లేదో కూడా చూసుకోవాలి.

పెట్టే చోటు గురించి తక్కువ మాటల్లో. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి, అల్మారాలో వద్దు, పైన న్యూస్‌పేపరు కూడా పెట్టొద్దు. షాపువాళ్లిచ్చే ట్రాలీలో ఇన్వర్టర్ నేరుగా బ్యాటరీ నెత్తిన కూర్చుంటుంది. చార్జింగ్‌లో లేచే యాసిడ్ ఆవిరి లోపలి బోర్డుకి తగులుతుంది. అందుకే ఇన్వర్టర్‌ని పక్కగోడకు చెక్క వేసి దాని మీదికి మార్చడం మంచిదైంది. ఆ గదిలో కిటికీ ఉండాలి, బ్యాటరీ వదిలే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. కూలర్ తడిగాలి మిషిను వైపు తిప్పితే చల్లగా ఉంటుందనుకోవద్దు, రెండేళ్లలో స్క్రూలు తుప్పు పడతాయి. తడి గోనె సంచి కప్పడం అంతకన్నా ప్రమాదం. పై డబ్బా విప్పి నడపడం వల్లా లాభం లేదు, ఫ్యాను లాగే గాలి హీట్‌సింక్ (వేడిని లాగే అల్యూమినియం దిమ్మ) మీదుగా పోకుండా పక్కనుంచే జారిపోతుంది.

ఫ్యానుకి ఇక్కడి దుమ్ములో రెండు నెలలకోసారి శుభ్రం తప్పదు. మెయిన్, బ్యాటరీ రెండూ తీసేసి పది నిమిషాలు ఆగండి, కెపాసిటర్లు ఖాళీ కావాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది గిర్రున తిరిగి తానే జనరేటరై బోర్డుకి వోల్టేజి పంపుతుంది. మా ఫ్యాను నాలుగో ఏడాది గరగరమంది. 80 మిల్లీమీటర్లు, 12 వోల్టులు, బాల్ బేరింగ్ రకం తెచ్చి మార్చాం (మీ ఫ్యాను మీది లేబుల్ చూసే కొనండి). బిగించేటప్పుడు ఫ్యాను పక్కనున్న బాణం గుర్తు పాత దాని దిక్కుకే ఉండాలి. మిస్త్రీలు తొందరలో తిప్పి బిగించేది ఇక్కడే, అప్పుడు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, మిషిను ట్రిప్ అవుతూనే ఉంటుంది. మాస్ఫెట్లు కాలిపోతే మాత్రం కాలిన ఒక్కదాన్నే మార్చనివ్వొద్దు. ఆ వరస మొత్తం ఒకే బ్యాచ్‌వి వేయించండి, లేకపోతే కరెంటు సమానంగా పంచుకోక ఇంకోటి పోతుంది.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప ఆర్వో నీళ్లు కూడా వద్దు. నిండా చార్జయ్యాక పోయాలి, ఎందుకంటే చార్జింగ్‌లో మట్టం పైకొస్తుంది. హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత కొలిచేది) రీడింగు 27 డిగ్రీల దగ్గర 1.240 ఉంటే నిండినట్టు. 45 డిగ్రీల బ్యాటరీలో అదే 1.227గా కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారుపడి యాసిడ్ పోయొద్దు. చార్జింగ్‌లో లోపలి ద్రవం 50 డిగ్రీలు దాటితే ఆపి చల్లారనివ్వాలి.

మా బ్యాటరీలోని ఆరు సెళ్లలో ఇప్పుడు మూడోది 1.190 దాటడం లేదు, మిగతా ఐదూ 1.230 దగ్గరున్నాయి. నీళ్లు కూడా ఆ సెల్‌లోనే ముందు తగ్గుతున్నాయి. ఒక సెల్ ఇలా వెనకబడితే మిషినుకు బ్యాటరీ ఎప్పటికీ నిండినట్టు కనిపించదు, చార్జింగ్ తగ్గించదు, మిగతా సెళ్లు ఉడుకుతూనే ఉంటాయి. ఇన్వర్టర్ ఇంకో నాలుగేళ్లు తేలిగ్గా నడుస్తుంది. బ్యాటరీని మాత్రం ఫిబ్రవరిలోపే మార్చాలి, ఈ సెల్‌తో మార్చి నెల ఎండల్లోకి పోకూడదు.